అరవై అడుగుల చైర్మన్ గారు

వెలుగు పక్షం, పాడ్యమి

సూర్యుడొచ్చాడు. కొత్త అల్లుడిలాగ ఇంకో రెండు వారాల దాకా కదలడు.

ఈ చిట్టా రోజూ రాయాలని రూలు ఉంది. ఎవరైనా చదవాలని రూలు లేదు. కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను. నా పేరు మంగతాయారు, ఉద్యోగం కొలబొమ్మల ఇన్‌స్పెక్టరు, ఊరు వెన్నెలపాడు. చంద్రుడి మీద కట్టిన ఊరికి ఆ పేరు పెట్టినవాళ్ళు భూమ్మీదే ఉండిపోయారు. ఇక్కడి నుంచి చూస్తే వెన్నెల ఉండదన్న సంగతి వాళ్ళకు తట్టలేదు.

ఈ పూట పని బర్రెను తుడవడం. రేకు బర్రె. దాని తర్వాత రేకు సైకిలు, కరెంటు స్తంభం, గొడుగు పట్టుకున్న రేకు మనిషి. మంచుగని దారి పొడుగునా ఇలాంటివి నిలబెట్టాం. వీటికి పట్టిన దుమ్ము దులిపి, రంగు వెలిస్తే మళ్ళీ వేయడమే నా ఇన్‌స్పెక్టరు గిరీ.

నవ్వేవాళ్ళు నవ్వుతారు కానీ, వీటి వల్లే ఊళ్ళో జనం బతుకుతున్నారు. భూమ్మీద దూరపు కొండ మసగ్గా కనిపిస్తుంది, దగ్గరి కొండ స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యలో గాలి, దుమ్ము, తేమ ఉంటాయి మరి. పుట్టినప్పటి నుంచి అది చూసి చూసి మన మెదడు ఒక లెక్క కట్టుకుంది: మసక అంటే దూరం, స్పష్టం అంటే దగ్గర. ఇక్కడ గాలే లేదు. అన్ని గుట్టలూ కడిగి ఆరబెట్టినట్టే ఉంటాయి. ఒక చెట్టు గానీ, ఒక పశువు గానీ ఉంటే దాని సైజును బట్టి దూరం తెలిసేది. అవీ లేవు. మొదటి ఏడాది ఇద్దరు ఆ కనబడే గుట్ట దాకా వెళ్ళొస్తామని వెళ్ళారు. వాళ్ళ పేర్లు ఊరి ద్వారం పక్కన పలక మీద ఉన్నాయి. ఆ తర్వాతే బర్రెను తెచ్చారు. బర్రె ఎంత ఉంటుందో మనవాళ్ళ కంటికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మా ఆయన వీరభద్రం మంచుగనిలో పని చేస్తాడు. గనికీ ఊరికీ సగం దారిలో ఒక గాలి చలివేంద్రం ఉంది. వెనకటికి ఎండాకాలంలో బాటసారులకు మంచినీళ్ళు పోసేవారట, ఇక్కడ ఊపిరి పోస్తాం. నడిచొచ్చేవాళ్ళు అక్కడ ఆగి సీసాలో గాలి నింపుకోవాలి. బండిలో వచ్చేవాళ్ళకు ఆ అవసరం లేదు గానీ, బండిలో చోటు ఎప్పుడూ తక్కువే.

పంచమి నాడు చైర్మన్ కోదండపాణి గారి పుట్టినరోజు. ఊరంతా వరసకట్టి ఆయన కాళ్ళకు దండం పెడుతుంది. నేను పెట్టను. నడుం నొప్పి అని చెప్తాను. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డప్పటి నుంచి నేను ఎడమ కాలు ఈడుస్తూ నడవడం ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి నడుం సంగతి కూడా నమ్ముతారు.

వెలుగు పక్షం, తదియ

గని పనివాళ్ళకు కళ్ళ క్లాసు. పక్షానికి ఒకసారి చెప్పాలి, వాళ్ళు పక్షానికి ఒకసారి ఆవలించాలి.

బొమ్మ ముఖం పోతపోసే అచ్చు ఒకటి నా దగ్గరుంది. దాని లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, వాళ్ళకు తిప్పి లైటు వేశాను. ముక్కు బయటికొచ్చి ఉందా, లోపలికి పోయి ఉందా అని అడిగాను. బయటికే ఉందన్నారు అందరూ. ముక్కులో వేలు పెట్టి చూపించాను. వేలు ఆ గుంటలోకి దిగిపోయింది. నవ్వారు. వేలు తీశాను. ముక్కు మళ్ళీ బయటికొచ్చేసింది.

"తెలిసిపోయింది కదండీ గుంటని. తెలిసాక కూడా అలాగే కనపడతాదేంటి?" అన్నాడు ఏసుపాదం. గనిలో అందరికన్నా పాత మనిషి.

"మీ మెదడు పుట్టి బుద్ధెరిగాక లోపలికి పోయిన ముఖాన్ని ఎక్కడా చూడలేదు. అందుకని ఒప్పుకోదు. కన్ను పంపే కబురు ఎప్పుడూ అరకొరే బాబాయ్. మిగతాది మెదడు తన పాత అనుభవం నుంచి నింపేస్తుంది. సగం విని కథంతా చెప్పే చుట్టం ఉంటుంది చూశారా, అలాగ."

"మా పెద్దమ్మ సంగతి ఈవిడికెవరు చెప్పారో," అన్నాడు మా ఆయన వెనక బల్ల మీంచి. క్లాసులో నన్ను భార్యగా గుర్తించకూడదని ఇంట్లో ఒప్పందం. అది ఎప్పుడూ ముందు తప్పేది ఆయనే.

"మెదడుకు నచ్చజెప్పి లాభం లేదు," అన్నాను. "నాకు తెలుసు అనుకోవడం వేరు, కంటికి అలా కనబడ్డం వేరు. రెండూ ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని తోడికోడళ్ళు. అందుకే బయటికెళ్ళినప్పుడు కంటిని నమ్మకండి, మణికట్టు మీద దూరం చూపే మీటర్ని నమ్మండి."

అందరూ తలలూపారు. మీటర్ సంగతి అడిగినప్పుడల్లా ఊపుతారు. బయట మాత్రం మీటర్ ఒకటి చెప్పి కన్ను ఇంకొకటి చెప్తే, మీటర్ పాడైందని తట్టి చూస్తారు.

క్లాసయ్యాక తాతారావు వచ్చాడు. చైర్మన్ గారి అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఊళ్ళో ఉన్న సంఘం అదొక్కటే.

"అక్కా, చిన్న పర్మిషన్ కావాలి."

"ఎంత చిన్నది?"

"అరవై అడుగులు."

పుట్టినరోజుకి కటౌట్ పెడతారట. పాత నీళ్ళ ట్యాంకు రేకుతో చైర్మన్ గారు, చేతులు జోడించి నిలబడినట్టు, ద్వారం పక్కన గట్టు మీద.

"ఊళ్ళోపల పెట్టుకోండి," అన్నాను.

"లోపల సీలింగు తొమ్మిదడుగులే కదక్కా. చైర్మన్ గారిని తొమ్మిదడుగుల్లో ఇరికిస్తే బావుంటదా?"

"తాతారావూ, బయట అరవై అడుగుల మనిషి బొమ్మ పెడితే, చూసేవాడి మెదడు దాన్ని మామూలు మనిషే అనుకుంటుంది. అప్పుడు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బొమ్మ రెండొందల మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇల్లు దగ్గరికొచ్చేసిందనుకుని చలివేంద్రంలో ఆగరు."

"ఆయన మొహం తెలీనోళ్ళెవరున్నారక్కా ఊళ్ళో? ఎంత పెద్దగా పెట్టినా ఆయన ఆయన్లాగే కనపడతారు."

"నా బాధ కూడా అదే," అన్నాను. పర్మిషన్ ఇవ్వలేదు.

వెలుగు పక్షం, పంచమి

చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. 'కొలబొమ్మల విభాగం సహకరించవలెను' అని పైనుంచి ఆర్డరొచ్చింది. సహకరించాను. నిచ్చెన నాదే.

నిజం చెప్పాలంటే బొమ్మ బాగా కుదిరింది. తెల్ల పంచె, కండువా, కాళ్ళకు చెప్పులు, ముఖాన ఆ నవ్వు. అసలు మనిషి ఐదడుగుల రెండంగుళాలు. భూమ్మీద కటౌట్లకు గాలికి పడిపోతాయని చిల్లులు పెడతారు, తాళ్ళు కడతారు. ఇక్కడ గాలీ లేదు, వానా లేదు, బరువు ఆరో వంతు. ఎన్నటికీ పడని కటౌట్ కోసం మనవాళ్ళు చంద్రుడి దాకా రావాల్సి వచ్చింది.

తాతారావు నిచ్చెనెక్కి పాలాభిషేకం చేశాడు. క్యాను మూత తీయగానే పాలు పొంగాయి, పొంగినవి పొంగినట్టే గడ్డకట్టాయి, పొడిపొడిగా నెమ్మదిగా చైర్మన్ గారి భుజాల మీద పడి చుండ్రులా నిలిచాయి. అందరం చేతులకు తొడుగులు వేసుకుని చప్పట్లు కొట్టాం. చప్పుడు లేదు. తర్వాత లోపలికొచ్చి నిజం కాళ్ళకు దండాలు పెట్టారు. నాకు నడుం నొప్పి.

వెలుగు పక్షం, షష్ఠి

ఏసుపాదం బాబాయిని ద్వారం లోపలికి ఈడ్చుకొచ్చాం. పెదాలు నీలంగా ఉన్నాయి, సీసా ఖాళీ. ఇంకో వంద అంగలు ఉంటే పలక మీద మూడో పేరు రాయాల్సి వచ్చేది. బండిలో చోటు లేక నడిచొచ్చాడట.

తేరుకున్నాక అడిగాను, చలివేంద్రంలో ఎందుకాగలేదని.

"చైర్మన్ గారు ఎదురుగానే ఉన్నారు కదమ్మా. నాలుగంగల్లో ఉన్నట్టే ఉన్నారు. ఆ మాత్రానికి మళ్ళీ పైపు తగిలించుకోడం ఎందుకులే అని."

"మీటర్?"

"అది పంతొమ్మిదొందల మీటర్లంది. పాడైపోయిందనుకున్నాను." సిగ్గుపడుతూ అన్నాడు, "నడిచినకొద్దీ ఆయన అక్కడే ఉన్నారమ్మా. నేనొస్తుంటే ఆయన ఎనక్కెళ్తున్నారేమో అనిపించింది."

ఏసుపాదానికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

వెలుగు పక్షం, సప్తమి

చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. కుర్చీ చూపించారు, టీ తెప్పించారు. మనిషి మంచివాడే. ఊరి ద్వారం దాటి కాలినడకన ఏనాడూ వెళ్ళలేదు, అంతే.

జరిగిందంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అయితే తాయారమ్మా, నేను ఎంత దూరంలో ఉన్నా జనానికి దగ్గరగా కనబడుతున్నానన్నమాట."

"అవునండీ. అదే ప్రమాదం."

"నాయకుడన్నవాడికి అంతకన్నా ఏం కావాలమ్మా?" అని పక్కనున్న తాతారావు వైపు చూశారు. తాతారావు కళ్ళు చెమర్చాయి.

దింపించమని అడిగాను. బతికున్న మనిషి బొమ్మను దింపడం అపశకునమట. నాలుగో వంతుకు తగ్గించమన్నాను. తగ్గడం అంతకన్నా అపశకునమట. చివరికి ఒక పరిష్కారం కనిపెట్టారు. బొమ్మ పాదాల కింద 'గమనిక: ఈ బొమ్మ ఎత్తు అరవై అడుగులు' అని రాయిస్తారు.

"రాతను చదివేంత దగ్గరికొస్తే ఇంటికొచ్చేసినట్టేనండీ," అన్నాను.

"చదవక్కర్లేదు. ఊరందరికీ చెప్తాం. తెలిసిన మనిషి ఎలా మోసపోతాడమ్మా?"

గుంట ముఖం అచ్చు సంచిలోనే ఉంది. తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు బాగా తీర్చారని మెచ్చుకుని తిరిగిచ్చారు.

వెలుగు పక్షం, నవమి

రుజువు కావాలని నేనే నడిచాను. గని దాకా బండిలో వెళ్ళి, అక్కడి నుంచి కాలినడకన వెనక్కి.

రాయడానికి చేతులు రావడం లేదు గానీ రాస్తున్నాను. చలివేంద్రం నా కుడి పక్క నుంచి వెళ్ళిపోయింది. చూశాను కూడా. ముందు గట్టు మీద తెల్ల పంచెలో ఒక మనిషి, మన మనిషి, చేతులు జోడించి రమ్మంటున్నట్టు నిలబడి ఉన్నాడు. ద్వారం పక్కనే ఉన్నాడు, ద్వారం దగ్గరే ఉంది, అక్కడికెళ్ళి మంచినీళ్ళు తాగుదాం అనుకున్నాను. దారిలో బర్రె అడ్డొచ్చింది. ఆ బర్రెను ఈ చేతుల్తోనే తుడిచాను కదా, అదెంతో నాకు తెలుసు. అయినా కన్ను దాన్ని వదిలేసి ముఖం వైపే పోయింది. బర్రె, మనిషి పక్కపక్కన ఉంటే మెదడు మనిషినే ఎంచుకుంటుంది.

గాలి తగ్గిందని మణికట్టు మీద గంట మోగాక ఆగాను. వెనక్కి తిరిగి చలివేంద్రానికి పోయి గాలి నింపుకున్నాను. ఈ ఊళ్ళో ఈ విషయం మీద పట్టా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. గుంట ముఖంలో వేలు పెట్టి అందరినీ నవ్వించేదాన్ని నేనే.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "నువ్వే బోల్తా పడ్డావంటే ఇక మా సంగతేంటే," అని నవ్వాడు. "అయినా నేను ఆ దారిన పదేళ్ళ నుంచి తిరుగుతున్నాను. ఆయన్ని చూసి మోసపోతానా?"

"మోసపోయేది మీరు కాదు, మీ మెదడు," అన్నాను.

"అయితే పర్లేదు. అది నాకెప్పుడూ అడ్డం రాలేదు," అన్నాడు.

కటౌట్ దింపమని నోటీసు రాశాను. దాని మీద సంతకం పెట్టాల్సింది చైర్మన్ గారట.

వెలుగు పక్షం, త్రయోదశి

సూర్యుడు పడమటి గుట్టల దాకా వాలాడు. నీడలు పొడుగయ్యాయి. చైర్మన్ గారి నడుం పైభాగం ఎండలో మెరుస్తోంది. కాళ్ళు ఆ గుట్టల నీడలో కాటుకలా ఉన్నాయి. ఆయన పాదాల దగ్గర ఏముందో ఎవరికీ కనిపించదు. రాయించిన గమనిక కూడా.

నేను ద్వారం డ్యూటీలో ఉన్నాను, బయటి దుస్తులు వేసుకుని. చెవిలో మా ఆయన గొంతు వినిపించింది.

"తాయారూ, ద్వారం తీసుంచు. వచ్చేశాను."

"బండేది?"

"చక్రం ఇరుక్కుపోయింది. మిగతావాళ్ళు గనికాడే ఉన్నారు. నేను సామాను పట్టుకెళ్దామని నడిచొచ్చేశాను."

"ఎక్కడున్నారు మీరు?"

"ఇంకెక్కడ, చైర్మన్ గారి కాళ్ళకాడ."

నేను చైర్మన్ గారి కాళ్ళ దగ్గరే ఉన్నాను. అక్కడ ఇంకెవరూ లేరు.

"చలివేంద్రంలో నింపుకున్నారా?"

"ఎందుకూ, ఇంటికొచ్చేశాక."

"గాలి ఎంతుంది?"

"ఎర్రగీత మీదుంది. అదెప్పుడూ అంతే."

"మీటర్ ఏమంటోంది?"

"పదిహేడొందలంటోంది. దాని మొహం."

చలివేంద్రం ఆయన వెనక మూడొందల మీటర్లలో ఉంది. అక్కడికి పోవడానికి సరిపడా ఊపిరి ఉంది. ఇంటి దాకా లేదు. రెండో బండిని పంపిద్దామంటే అది చైర్మన్ గారిని తీసుకుని పక్క ఊరికి సన్మానానికి వెళ్ళింది.

"ఏవండీ, వెనక్కి తిరగండి."

"ఎనక్కా? ఎనకాల ఏం లేదే. చలివేంద్రం మిట్ట చాటుకెళ్ళిపోయింది. ఎదురుగా మనిషి కనపడతా ఉంటే ఎనక్కెళ్ళమంటావేంటే?"

"ఆ మనిషి అరవై అడుగులు."

"తెలుసే. నాకు తెలీదా? నేనే కదా రేకు మోసింది. తెలుసు గానీ..." అని ఆగాడు. ఆయాసం వినబడుతోంది. "తెలుసు గానీ, ఇక్కడే ఉన్నాడే."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆయన మీద, తాతారావు మీద, ఈ రేకు నవ్వు మీద. చెప్పి ఒప్పించే విషయం కాదిది. నేనే ఒప్పుకోలేదు మొన్న. ఆయన కంటికి ఆ బొమ్మ పక్కన తనకు బాగా తెలిసినదొకటి కనిపించాలి. ఆ బొమ్మకు చేతికందేంత దూరంలో నేనే ఉన్నాను.

బొమ్మ చెప్పు పక్కకు పోయి నిలబడ్డాను. మా దుస్తులకు భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, మోకాళ్ళ దగ్గర, మడమల దగ్గర చిన్న బల్బులు కుట్టి ఉంటాయి. అన్నీ వేశాను. నీడ కాబట్టి అవి బాగా వెలిగాయి.

"హెల్మెట్ అద్దంలో బొమ్మను పెద్దది చేసి చూడండి. ఆయన చెప్పు పక్కన ఏమైనా కనబడుతోందా?"

"ఏవో చుక్కలు. సీరియల్ సెట్టు పెట్టాడా తాతారావు?"

అప్పుడు నా క్లాసు నాకే గుర్తొచ్చింది. కదలని చుక్కలు చుక్కలే. అవే చుక్కలు నడిస్తే మెదడు వాటిని మనిషిని చేస్తుంది. ముఖం అక్కర్లేదు, ఒళ్ళు అక్కర్లేదు. పసిపిల్లలు కూడా పోలుస్తారు.

నడిచాను. ఎడమ చెప్పు నుంచి కుడి చెప్పు దాకా, మళ్ళీ కుడి నుంచి ఎడమకు. చేతులు ఊపుకుంటూ, సంతకు పోతున్నట్టు.

చెవిలో ఆయాసం ఒక్కటే వినబడింది. తర్వాత అదీ ఆగినట్టైంది.

"ఏయ్," అన్నాడు. "నువ్వా?"

"నేనే."

"కాలీడుస్తున్నావు."

"ఈడుస్తానండీ, తెలుసు కదా."

"ఇంతున్నావేంటే తాయారూ. ఆయన మోకాలి ఎత్తు కూడా లేవు." మెల్లగా అన్నాడు. "ఓర్నాయనో. ఎనక్కెళ్ళిపోయాడు. ఆయన ఎక్కడికో ఎనక్కెళ్ళిపోయాడే. ఎంత దూరం ఉన్నాడు."

"తిరగండి."

"తిరిగాను."

మిట్ట చాటుకు పోగానే మాట తెగిపోయింది. నేను నడక ఆపలేదు. ఆయనకు కనిపించకపోయినా ఆపలేకపోయాను. ఆ చెప్పు నుంచి ఈ చెప్పుకి, ఈ చెప్పు నుంచి ఆ చెప్పుకి. పైన చైర్మన్ గారు నవ్వుతూనే ఉన్నారు. ఊళ్ళో అందరూ కలిసి పెట్టినన్ని దండాలు నేను ఒక్కదాన్నే మనసులో పెట్టాను. ఆయనకు కాదు.

చాలాసేపటికి చెవిలో బుస్సుమని పైపు చప్పుడు వినబడింది. ఆ తర్వాత దగ్గు. ఆ తర్వాత, "చలివేంద్రంలో మజ్జిగ కూడా పెట్టిస్తే బావుండు," అన్నాడు.

నేలమీద కూలబడి ఏడ్చాను. కూలబడింది చైర్మన్ గారి పాదాల దగ్గరే. ద్వారం కెమెరాలో అది చక్కగా రికార్డయిందని తర్వాత తెలిసింది.

వెలుగు పక్షం, పౌర్ణమి

చైర్మన్ గారు ఆ రికార్డు చూశారు. ఒకసారి కాదు. తాతారావు చెప్పాడు.

నన్ను పిలిచి, వీరభద్రం ఆరోగ్యం అడిగి, "తల్లీ, ఏదో శాశ్వత ఏర్పాటు చేయాలన్నావట," అన్నారు. ఆయన గొంతులో ఏదో మెత్తదనం ఉంది. భయపడ్డారు కూడా. మనిషి మంచివాడే అని ముందే రాశాను.

బొమ్మను దింపమని మళ్ళీ అడగలేదు. అడిగితే మళ్ళీ శకునాల దగ్గర మొదలవుతుంది. చెప్పు పక్కన మనిషి ఎత్తు చట్రం ఒకటి నిలబెట్టి, దానికి పన్నెండు బల్బులు బిగించి, అవి నడిచే మనిషిలాగా వెలుగుతూ ఆరుతూ ఉండేట్టు చేస్తానన్నాను. దాన్ని చూడగానే బొమ్మ అసలు ఎత్తు తెలిసిపోతుంది.

"ఆడమనిషేనా?" అన్నారు.

"నా నడకే పెడతానండీ. కొలతలు నా దగ్గరున్నాయి."

ఆయన కళ్ళు మూసుకుని ఊహించుకున్నారు. "భక్తితో నా పాదాల దగ్గరికి నడిచి వస్తున్నట్టు ఉండాలి. అది ముఖ్యం."

ఆ చుక్కలకు ముందూ వెనకా ఉండవని ఆయనకు చెప్పలేదు. పన్నెండు బల్బులు అటు నడుస్తున్నాయో ఇటు నడుస్తున్నాయో వాటిలో ఎక్కడా ఉండదు. చూసేవాడి మెదడే తేల్చుకుంటుంది.

"అలాగే ఉంటుందండీ," అన్నాను.

సాయంత్రానికి బిగించేశాను. చైర్మన్ గారు కిటికీలోంచి చూసి, తన వైపే వస్తోందని సంతోషించారు. గని నుంచి వచ్చిన మా ఆయన, తన వైపే వస్తోందన్నాడు. "ఎదురొస్తున్నావు. కాకపోతే ఎంతకీ చేరవు," అన్నాడు. నేను ఎటు నుంచి చూశానో రాయను. ఈ ఊళ్ళో అందరికన్నా బాగా మోసపోయేది నేనేనని నవమి నాడే తేలింది.

ఏది ఏమైనా, జీవితంలో ఎవరి కాళ్ళ దగ్గరా వంగనన్న మనిషిని చైర్మన్ గారి చెప్పు పక్కన బల్బులు పెట్టి శాశ్వతంగా నిలబెట్టింది నేనే. నడుం నొప్పి వంక ఇక చెల్లదు.

చీకటి పక్షం, విదియ

సూర్యుడు పోయాడు. ఈ రెండు వారాలూ కరెంటు పొదుపు. చైర్మన్ గారి మీద ఫోకస్ లైటు వేయాలని తాతారావు అర్జీ పెట్టాడు. కుదరదన్నారు. భద్రత బల్బులకు మాత్రం కోత లేదు. కాబట్టి అరవై అడుగులూ చీకట్లో కలిసిపోయాయి, పాదాల దగ్గర నడిచే మనిషి మాత్రం కనిపిస్తోంది.

బర్రె మీద రంగు వేస్తూ చలివేంద్రం దగ్గర ఉండగా ఏసుపాదం బాబాయి గని నుంచి నడిచొచ్చాడు. ఆగి, పైపు తగిలించుకుని, గాలి నింపుకుంటూ గట్టు వైపు చూస్తున్నాడు.

"మా రూతమ్మ అచ్చం ఇలాగే నడిచేది," అన్నాడు.

రూతమ్మ ఆయన భార్య. మేమిక్కడికి రాకముందే, భూమ్మీదే పోయింది. ఆమె కాలు ఈడ్చేది కాదు. కొత్తగా చేరిన డ్రిల్లు మనిషి మొన్న అది వాళ్ళమ్మ అన్నాడు. ఇంకొకడు పేరు చెప్పలేదు గానీ సిగ్గుపడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ని కదా, నా డ్యూటీ నేను చేయాలి. "బాబాయ్, అవి బల్బులు. పన్నెండు. నేనే బిగించాను."

"తెలుసమ్మా. నేనేగా నిచ్చెన పట్టుకుంది." సీసా ముల్లు నిండుగా వచ్చిందాకా ఆగి, ముల్లును తట్టి చూసుకుని, పైపు ఊడదీసి కొక్కేనికి తగిలించాడు. "ముందైతే అలాగే పోయేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ ఎంత చిన్నగా ఉందో కనపడతంది కదా. ఇంకా చాలా దూరంలో ఉందమ్మా. నింపుకునే ఎల్లాలి."

చుక్కల వైపు నడుచుకుంటూ పోయాడు. ఈ పక్షంలో ఇంతవరకు చలివేంద్రంలో ఆగకుండా దాటిపోయినవాళ్ళు ఎవరూ లేరు.